మేర మనుషులు

12 నవంబరు 1973, బాపట్ల

ఇవాళ్టి సర్క్యులర్: చాక్‌పీసు వేళ్ళకు దొరికినంత కాలం వాడవలెను, ముక్కలు పారవేయరాదు. మొన్నటిది: స్టాఫ్ రూముకు ఒక ఫ్యాను చాలు. అంతకు ముందుది న్యూస్‌పేపరు మాన్పించింది. కృష్ణాతీర విశ్వవిద్యాలయం డబ్బు లేక అల్లాడుతోందని ఊరందరికీ తెలుసు. నిరుటి ఉద్యమంలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, ఫీజులు రాలేదు, గ్రాంటులో కోత పడింది. ఎక్కడో హెడ్డాఫీసులో మొదలైన కోత మా బాపట్ల పి.జి. సెంటరు దాకా వచ్చేసరికి చాక్‌పీసు అయింది.

నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. పైగా ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ని. రెండు పనులు, ఒక జీతం. ఆ ఒక్కటీ ఈ నెల ఇంకా రాలేదు. మా హెడ్ డాక్టర్ లక్ష్మీనారాయణ గారు సర్క్యులర్ చదివి, చాక్‌పీసు ముక్కలన్నీ ఒక డబ్బాలో వేయించి, డబ్బాకి తాళం వేశారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

20 నవంబరు

నవ్వు అయిపోయింది. జనవరి ఒకటి నుంచి ఆడపిల్లల హాస్టల్ మూసేస్తారట. విద్యార్థినులు వసతికి తమ ఏర్పాట్లు తాము చేసుకోవాలట.

మగపిల్లలైతే ఊళ్ళో గది తీసుకుని, కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని బతికేస్తారు. పెళ్ళికాని ఆడపిల్లకి గది ఎవరిస్తారు? ఇచ్చినా ఏ తండ్రి ఉండనిస్తాడు? వీళ్ళ ఏర్పాటు అంటే ఇంటికి పోవడమే. ఏప్రిల్లో ఫైనల్ పరీక్షలు. ఇంత దాకా వచ్చి, గట్టు కనపడుతుండగా మునగాలి.

కోటిరత్నాన్ని పిలిచి చెప్పాను. ఫైనలియర్‌లో అందరికంటే మంచి చెయ్యి దానిది. వేటపాలెం పిల్ల, తండ్రి రామబ్రహ్మం గారు మగ్గం నేస్తారు. వాళ్ళ వీధిలో ఎమ్మెస్సీ దాకా వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. రోజూ రైల్లో రాగలవా అని అడిగాను. ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం ప్యాసింజరు వెళ్ళిపోతుందండి, ఫర్లేదులెండి, ఇంటి దగ్గర కండెలు చుట్టుకుంటాను అంది. అని మళ్ళీ బ్యూరెట్టు పట్టుకుంది. ఒక్క చుక్క కూడా ఎక్కువ పడలేదు. నేనే రీడింగు రెండుసార్లు తప్పు చదివాను.

21 నవంబరు

లక్ష్మీనారాయణ గారు ఓపిక పట్టమన్నారు. నా దగ్గర లేదు.

26 నవంబరు

హెడ్డాఫీసుకు వెళ్ళి వచ్చాను. రిజిస్ట్రార్ బసవేశ్వరరావు గారి గదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెళ్ళగానే చూసింది అదే. చెడ్డవాడేం కాదు. ఫైళ్ళ వెనక మనిషి సగమే కనపడుతున్నాడు, కళ్ళ కింద నలుపు. అమ్మా ప్రమీలారాణి గారూ, హాస్టల్ అంటే నాకు మెస్సు, మెస్సంటే బియ్యం, బియ్యం ధర మీకు తెలీదా అన్నాడు. పిల్లలు కట్టేది కూరలకీ కట్టెలకీ చాలదు, తక్కినది మేం పోస్తున్నాం, ఇక పొయ్యలేం అన్నాడు.

నేను ఊరుకోలేదు. పరీక్షల ముందు పిల్లల్ని రోడ్డు మీదకి తోస్తారా అన్నాను. గొంతు కొంచెం పెరిగింది. కొంచెం ఏంటి, బాగానే పెరిగింది. బయట గుమాస్తాలు తొంగి చూశారు. ఆయనకీ విసుగొచ్చి, యూనివర్సిటీని రూపాయి అడక్కుండా మీ పిల్లలకి మీరే అన్నం పెట్టుకోగలిగితే ఉండండమ్మా, నేను అడ్డురాను అన్నాడు. అలాగేనండి అన్నాను. ఆయన ముఖంలో విసుగు పోయి ఆశ్చర్యం వచ్చింది.

బస్సు ఎక్కాక గానీ తెలియలేదు, ఏం ఒప్పుకుని వచ్చానో.

2 డిసెంబరు, ఆదివారం, తెనాలి

చందాల కోసం అమ్మ ఉన్న ఊరు కదా అని తెనాలి వచ్చాను. కోటిరత్నం, ఇంకో ఇద్దరు పిల్లలు వెంట వచ్చారు. పొద్దుటి నుంచి బజార్లన్నీ తిరిగాం. బంగారం కొట్లు, గుడ్డల కొట్లు, రైసు మిల్లులు. ఉద్యమానికి ఇచ్చాం, గుడికి ఇచ్చాం, నాటకాల పోటీలకి ఇచ్చాం అన్నవాళ్ళే అందరూ. ఒక మిల్లు యజమాని స్త్రీవిద్య గురించి గంటసేపు చెప్పి, తలా ఒక గోలీసోడా తాగించి పంపాడు. సోడా బాగుంది.

ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే, చందా అన్న మాట వింటేనే మనుషులు వీధి తలుపు వేసుకుంటున్నారే, ఇంకేదన్నా మాట వెతుక్కో అంది అమ్మ. ఏడుపొచ్చింది. పిల్లలున్నారని ఊరుకున్నాను.

10 డిసెంబరు

బియ్యం నెలాఖరు దాకా రావని వంటమనిషి బర్నబాస్ చెప్పాడు. బజార్లలో డబ్బు పుట్టకపోతే పొలాల్లో వడ్లున్నాయి కదండీ, నూర్పిళ్ళు మొదలైనాయి, కళ్ళాల మీదకి పోకూడదా అన్నాడు. ఇన్ని డిగ్రీలున్న సెంటరులో ఈ ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాతో సహా.

16 డిసెంబరు, ఆదివారం, సాయంత్రం 6

జరిగింది జరిగినట్టు రాయాలి. మళ్ళీ చదువుకోవాలి.

పొద్దున్నే పిట్టలవానిపాలెం వెళ్ళాం. ఊరి బయట కళ్ళాలన్నీ దుమ్ము. మొదటి కళ్ళం సుబ్బారావు గారిది. నూర్పిడి అయి, తూర్పార పట్టి, రాశి పోసి ఉంది. రాశి పక్కన బుట్టలు పట్టుకుని మనుషులు వరసగా నిలబడ్డారు. చాకలి, మంగలి, వడ్రంగి, కమ్మరి, కాలవ నీళ్ళు చూసే మనిషి. సుబ్బారావు గారు కుంచంతో ఒక్కొక్కరికీ కొలిచి పోస్తున్నాడు.

నేను చందా అన్నాను. ఆయన తలగుడ్డ విప్పి దులుపుకుని, చందాలు అయిపోయినాయమ్మా, నా దగ్గర వడ్లున్నాయిగానీ చందా లేదు అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. రెండు వారాల నుంచి ఇదే నవ్వు. నాకు తిక్క రేగింది. ఇంతమందికి కొలుస్తున్నారు కదండీ, ఈ పిల్లలకీ ఒక మేర అనుకుని కొలవండి, మీ సొమ్మేం పోతుంది అన్నాను.

తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. మేర అన్న మాట మా అమ్మమ్మ నోట విన్నదే తప్ప అదేమిటో నాకు సరిగ్గా తెలీదు. పనివాళ్ళకి కళ్ళంలో పెట్టే గింజలు అని మాత్రం తెలుసు.

ఆయన కుంచం కింద పెట్టాడు. మేరా అన్నాడు. మేరేనండి అన్నాను. ఏడాదికా అన్నాడు. ఏడాదికేనండి అన్నాను. అందరూ నావైపే చూస్తున్నారు. మరి ముందు ఆ మాట చెప్పాలి కదమ్మా, చందా గిందా అంటావేంటి అని కుంచం తీసి, మా సంచి పట్టమన్నాడు. చివరి కుంచం మీద ఇంకో దోసెడు పోశాడు. అంతటితో ఆగక పక్క కళ్ళాల వాళ్ళని కేకేసి, కాలేజీ వాళ్ళు మేరకొచ్చారు అని చెప్పాడు. సాయంత్రానికి బండి నిండింది. బండి కూడా వాళ్ళదే.

అమ్మ చెప్పిన ఇంకో మాట దొరికింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

17 డిసెంబరు

బర్నబాస్ బస్తాల చుట్టూ ప్రదక్షిణం చేశాడు. నేనూ చేశాను.

23 డిసెంబరు, ఆదివారం, రేపల్లె

పెనుమూడి వెళ్ళాం. ఊరికే కాదు. రిజిస్ట్రార్ గారి సొంతూరు అది. ఆయన తండ్రి వెంకటప్పయ్య గారి కళ్ళం మీదకే ముందు పోవాలని బస్సులోనే నిర్ణయించుకున్నాను. నాకు అంత మంచి బుద్ధేం లేదు.

ముసలాయన మంచం మీద కూర్చుని రాశిని చూసుకుంటున్నాడు. ఎవరమో చెప్పాను. మీ అబ్బాయి గారు హాస్టల్ మూసేస్తున్నారు, అన్నం మేమే తెచ్చుకుంటే ఉండనిస్తానన్నారు అని కూడా చెప్పాను. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయన మంచం దిగి, రాశిలోంచి గుప్పెడు వడ్లు తీసి చేతిలో ఊదాడు. తర్వాత, వాడు బందర్లో చదువుకునేటప్పుడు వాడి హాస్టల్‌కి ఈ కళ్ళం నుంచే పడవ మీద బియ్యం పంపించాను, వాడికి గుర్తు లేదు కాబోలు అన్నాడు. చందాకా మేరకా అని అడిగాడు. మేరకండి అన్నాను, ఈసారి ధైర్యంగా. అయితే వరసలో నిలబడమన్నాడు.

నిలబడ్డాం. ఎమ్మెస్సీ పిల్లలు, నేను. మా ముందు చాకలి మంగాయమ్మ, గట్టి మనిషి, జరిగి చోటిచ్చింది. మీ పనేంటమ్మా అని అడిగింది. చదువు చెప్తానని చెప్పాను. ఏం చదువని అడిగింది. మట్టిలో ఏముందో, నీళ్ళలో ఏముందో చెప్పే చదువన్నాను. అదీ పనేనమ్మా, అయితే ఏడాది పొడుగూతా చెయ్యాల, మధ్యలో మానకూడదు అంది. నవ్వి తలూపాను.

24 డిసెంబరు

పెనుమూడి వడ్లు రేపల్లె మిల్లులో ఆడించి, ప్యాసింజరు బ్రేక్‌వ్యానులో వేయించాం. తెనాలి జంక్షన్‌లో మళ్ళీ దింపి, బాపట్ల బండికి ఎక్కించాలి. కూలీలతో పాటు పిల్లలూ బస్తాలు పట్టారు. అమ్మ స్టేషన్‌కి పులిహోర తెచ్చి, నువ్వు లెక్చరరువా హమాలీవా అని ప్లాట్‌ఫారం మీదే తిట్టింది. తిడుతూనే ఒక బస్తాకి చెయ్యి వేసింది.

ఏప్రిల్ దాటేదాకా తిన్నా తరగవు. రిజిస్ట్రార్ గారికి టెలిగ్రాం కొట్టాను. బియ్యం ఉన్నాయి, హాస్టల్ ఉంటుంది. అంతే రాశాను.

30 డిసెంబరు, ఆదివారం

తెల్లారేసరికి హాస్టల్ గేటు దగ్గర సుబ్బారావు గారు. తువ్వాల్లో మట్టిగడ్డ, చెంబులో బావి నీళ్ళు. వంగతోట వడలిపోతోంది, చూసి చెప్పండమ్మా అన్నాడు. ఆయన వెనక ఇంకో నలుగురైదుగురు. ఒకాయన బ్యాంకు నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి పెట్టమన్నాడు. ఒకాయన కొడుకుని తెచ్చాడు, లెక్కలు రావట. ఒకాయన గేదె పాలివ్వడం లేదన్నాడు. గేదె సంగతి బర్నబాస్ చూసుకున్నాడు.

ఇవాళ ఆదివారమండి, ల్యాబు తాళం వేసి ఉంది అన్నాను. సుబ్బారావు గారు నన్ను వింతగా చూశాడు. మేర తీసుకున్నారు కదమ్మా అన్నాడు. కోపంగా అనలేదు. ఇస్త్రీకి ఇచ్చిన చొక్కా ఏదని అడిగినంత మామూలుగా అడిగాడు.

అప్పుడు తలకెక్కింది. మేర దానం కాదు. మేర అంటే ఏడాది పని. చాకలికి కొలిస్తే ఏడాదంతా బట్టలు ఉతకాలి, వడ్రంగికి కొలిస్తే ఏడాదంతా నాగలి బాగుచెయ్యాలి. మాకు కొలిచారు. మంగాయమ్మ చెప్తూనే ఉంది, నేను నవ్వుతూ తలూపాను. రెండు తాలూకాల్లో ఎన్ని కళ్ళాల మీద తలూపానో. ఆ పొలాలన్నిటికీ ఇప్పుడు మేం పనివాళ్ళం.

5 జనవరి 1974

ఒకటో తారీకున హాస్టల్ మూయడానికి ఎవరూ రాలేదు, టెలిగ్రాం పనిచేసింది. కానీ లక్ష్మీనారాయణ గారితో గొడవ. పెద్దదే. ల్యాబు తాళం చెవి ఆయన దగ్గర ఉంటుంది. తను బెనారస్‌లో పిహెచ్.డి. చేసింది కుంచాల లెక్కన వడ్లు పుచ్చుకుని ఊడిగం చెయ్యడానికా అన్నారు. జీతానికి చేస్తే ఉద్యోగం, వడ్లకి చేస్తే ఊడిగమా అండి, జీతం వచ్చి రెండు నెలలైంది, వడ్లు మాత్రం వచ్చాయి అన్నాను. ల్యాబు సిలబస్ కోసం, రైతుల కోసం కాదు, అంతగా అయితే వడ్లు తిరిగిచ్చెయ్యండి అన్నారు.

తిరిగిస్తే పిల్లలు ఇంటికి. పని చెయ్యకుండా అట్టే పెట్టుకుంటే దొంగతనం. నా ముఖం నేనే చూసుకోలేను.

8 జనవరి

కోటిరత్నం నాకంటే తెలివైంది. ఆయన దగ్గరికి వెళ్ళి, సార్, నా ప్రాజెక్టు టాపిక్ మార్చుకుంటానండి, బాపట్ల రేపల్లె తాలూకాల నేలల్లో ఉప్పు అని పెట్టుకుంటాను, శాంపిళ్ళు వాళ్ళే తెచ్చిస్తున్నారు అందట. టాపిక్‌లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తాళం చెవి ఇచ్చారు. ఇక ప్రతి గురువారం మధ్యాహ్నం రైతులు రావచ్చని గేటుకి బోర్డు కట్టాం. చాక్‌పీసు ముక్కలతోనే రాశాం.

17 జనవరి

ఇవాళ గురువారం. హెడ్ గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, లోపలికి రాకుండా. పిల్లలు శాంపిల్ సీసాలు కుళాయి నీళ్ళతో కడుగుతున్నారు. బాపట్ల కుళాయి నీళ్ళలోనే కావలసినంత ఉప్పుంటుంది. ఆయన భరించలేకపోయారు. ఇదా మీకు నేను నేర్పింది, ఈ రిజల్టు నమ్మి ఆ మనిషి తోట పాడుచేసుకుంటే ఎవరిది పాపం అని అరిచి, కోటు విప్పి, డిస్టిల్డ్ వాటరు తెప్పించి, అన్నీ మొదటి నుంచి చేయించారు. లాంతరు పెట్టే వేళ దాకా ఉన్నారు. నేను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటం నాకెంత కష్టమో ఈ డైరీకే తెలుసు.

24 జనవరి

గురువారం. హెడ్ గారు అందరికంటే ముందొచ్చారు.

31 జనవరి

సుబ్బారావు గారు బుట్టెడు వంకాయలు తెచ్చాడు. ఆయన బావి నీళ్ళలో ఉప్పెక్కువని, కాలవ నీళ్ళు పట్టమని చెప్పాం. తోట తిప్పుకుందట, పూత నిలిచిందట. నాతో చెప్పకుండా తిన్నగా లక్ష్మీనారాయణ గారి దగ్గరికి వెళ్ళి, డాక్టరు గారూ, బతికించారండి అన్నాడు. మనుషుల డాక్టరు అనుకున్నాడో ఏమో. హెడ్ గారు సరిదిద్దలేదు. సాయంత్రం గుత్తొంకాయ కూర. హాస్టల్లోనే తిన్నారు ఆయన కూడా, రెండోసారి అడిగి.

ఈ మధ్య నాకు నిద్ర బాగా పడుతోంది.

8 ఫిబ్రవరి

రాసుకోవడం ఇష్టం లేదు. యూనివర్సిటీకి కొత్త ఆలోచన వచ్చింది. ఖాళీ భవనాలు అద్దెకిచ్చి లోటు పూడ్చుకుంటారట. మా హాస్టల్ భవనం ఒక ఎరువుల ఏజెంటుకి గోడౌనుగా ఇస్తున్నారు. పదిహేనో తారీకున స్వాధీనం. ఖాళీగా లేదు కదండీ అని ఫోన్ చేసి అడిగాను. అన్నం సంగతే నేను ఒప్పుకున్నది, గోడల సంగతి కాదు అన్నాడు రిజిస్ట్రార్. మాట నిజమే. అందుకే ఇంకా మండుతోంది.

హెడ్ గారు తన పేరుతో ఇంగ్లీషులో నాలుగు పేజీల నిరసన పంపించారు. జవాబు వస్తుందన్న ఆశ నాకు లేదు. కోటిరత్నం పుస్తకాలు కట్ట కడుతోంది. ఏప్రిల్‌కి ఇంకా రెండు నెలలు. ఆ చప్పుడు వినలేక వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

9 ఫిబ్రవరి

ఒకటే తోచింది. పని మానేసేటప్పుడు మేర మనిషి యజమానికి ముందుగా చెప్పాలి కదా. పెనుమూడి వెంకటప్పయ్య గారికి కార్డు రాశాను. పదిహేనో తారీకు తర్వాత మీ పని చెయ్యలేం, చోటు పోతోంది, తినగా మిగిలిన మీ బియ్యం వాపసు తీసుకోండి అని. సహాయం చెయ్యమని రాయలేదు. సిగ్గనిపించింది.

14 ఫిబ్రవరి

ఆఖరి గురువారం. వచ్చినవాళ్ళందరికీ వచ్చే వారం రావద్దని చెప్పాను. సుబ్బారావు గారు ఎందుకని అడిగాడు. గోడౌను సంగతి చెప్పాను. ఎవరి గోడౌనని అడిగాడు. ఏజెంటు పేరు చెప్పాను. ఓహో, మాకు ఎరువులమ్మే ఆయనే అన్నాడు. తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. అంతేనా అనుకున్నాను. కొంచెం బాధ కూడా వేసింది.

15 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3

ఎంగిలాకులు ఇంకా ఎత్తలేదు. అయినా ఇప్పుడే రాయాలి.

పది గంటలకి రిజిస్ట్రార్ జీపు వచ్చింది. ఏజెంటు, కొత్త తాళం, ఒక గుమాస్తా. పిల్లలు పెట్టెలతో వరండాలో నిలబడ్డారు. కోటిరత్నం తండ్రి రామబ్రహ్మం గారు కూతుర్ని తీసుకుపోవడానికి పొద్దుటి బండికే వచ్చి, ఒక పక్కగా చేతులు కట్టుకుని ఉన్నారు. గుమాస్తా తాళం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు బండ్లు వచ్చాయి. పిట్టలవానిపాలెం నుంచి ఎడ్లబండ్లు, ఒకదాని వెనక ఒకటి, రోడ్డు మలుపు దాకా. వాటి వెనక రేపల్లె బస్సు దిగి నడుస్తూ వెంకటప్పయ్య గారు, ఆయన పక్కన మంగాయమ్మ, పెనుమూడి రైతులు. ఎవరూ కేకలు వెయ్యలేదు. బండ్లు విప్పి, ఎడ్లకి గడ్డి వేసి, నెమ్మదిగా గేటు లోపలికి వచ్చారు.

ముసలాయన కొడుకుని చూసి, ఏరా బసవయ్యా, ఎవరి మనుషుల్ని ఎవరు పంపిస్తున్నారు అని అడిగాడు. నాన్నగారూ, ఇది ఆఫీసు వ్యవహారమండి, మీకు తెలీదు అన్నాడు రిజిస్ట్రార్. నీ ఆఫీసు నాకు తెలీదు, నేను మేర కొలిచాను అన్నాడు ముసలాయన. కొలిచింది ఏడాదికి. మళ్ళీ కుప్ప నూర్చేదాకా వీళ్ళు మా పనివాళ్ళు. మన ఇంట పనిచేసేవాళ్ళని ఏడాది నడుమ ఎవరినన్నా వెళ్ళగొట్టామా, మీ తాత వెళ్ళగొట్టాడా, నువ్వు చూశావా, చెప్పు అన్నాడు.

రిజిస్ట్రార్ నేల చూశాడు. ఆయనా ఆ కళ్ళంలో పెరిగినవాడే. జవాబు ఆయనకీ తెలుసు. మంగాయమ్మ మాత్రం ఊరుకోలేదు. నా మేర మా అత్త నాటి నుంచి ఉందయ్యా, నీ పొత్తిగుడ్డలు ఉతికింది ఆ మేర మీదే, ఇయ్యాల ఈళ్ళ మేర తీసేస్తే రేపు నాదీ తీసేస్తావు అంది. గుమాస్తా నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

సుబ్బారావు గారు ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు. చాలా మర్యాదగా, గోడౌను తీసుకోండి సార్, మీ ఇష్టం, మేం మాత్రం ఎరువులు చీరాల నుంచి తెచ్చుకుంటాం అన్నాడు. వెనకున్నవాళ్ళందరూ తలలూపారు. ఏజెంటు ఆ తలలన్నీ చూశాడు. ఈ భవనానికి గాలి సరిగ్గా లేదండి, బస్తాలు చెమ్మగిల్లుతాయి అని రిజిస్ట్రార్‌కి చెప్పి, రిక్షా పిలుచుకుని వెళ్ళిపోయాడు.

మిగిలింది రిజిస్ట్రారు, ఒక తాళం. ఆ తాళం వంక చూసి ఆయన దిగులుగా, ఇప్పుడు నా లోటు ఎవరు పూడుస్తారు నాన్నగారూ అన్నాడు. మొదటిసారి ఆయన మీద జాలేసింది. ప్రతి ఏడూ కొలుస్తాం, పని బాగుంటే ఎక్కువే కొలుస్తాం అన్నాడు సుబ్బారావు గారు. బాగుంది, యూనివర్సిటీ బడ్జెట్లో వడ్లని ఏమని రాయమంటారు, అట్లాంటి పద్దు ఎక్కడా లేదే అన్నాడు రిజిస్ట్రార్.

అప్పుడు మా లక్ష్మీనారాయణ గారు ముందుకొచ్చారు. కోటు లేదు. చేతులకి ఇంకా సీసాలు కడిగిన తడి. మేర అని రాయండి సార్, మేం మేర మనుషులం అన్నారు. ఇంగ్లీషులో చెప్పారు, మేర అన్న మాట తప్ప.

నాకు ఏడుపాగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. రామబ్రహ్మం గారు కూతురి పెట్టె తీసుకుని, తిన్నగా లోపలికి వెళ్ళి, దాని మంచం కింద పెట్టి, మళ్ళీ మధ్యాహ్నం బండికి వేటపాలెం వెళ్ళిపోయారు. వచ్చిన వాళ్ళందరికీ బర్నబాస్ అన్నం వండాడు. వాళ్ళ వడ్లే. వెంకటప్పయ్య గారు తిని, బియ్యం బాగా ఆడించారు, నూకలు లేవు అన్నాడు. రిజిస్ట్రార్ కూడా తండ్రి పక్కనే కూర్చుని తిన్నాడు.  మజ్జిగ నేనే పోశాను.

4 మార్చి

వచ్చే ఏటి బడ్జెట్ కాపీ వచ్చింది. ఆదాయం కింద ఫీజులు, గ్రాంటు, మేర. నోటీసు బోర్డుకి అంటించాను. ఎవరో పక్కన చాక్‌పీసుతో పువ్వు వేశారు.

6 ఏప్రిల్

పరీక్షలు మొదలయ్యాయి. హాస్టల్లో అందరూ ఉన్నారు. అందరూ అన్నం తిని వెళ్ళారు. ఈ రెండు వాక్యాలు రాయడానికే నాలుగున్నర నెలలుగా బతికానేమో.

9 జూన్, పెనుమూడి

రిజిస్ట్రార్ గారి అమ్మాయి పెళ్ళి. మేర మనుషులకి బట్టలు పెట్టే వేళ వరసలో నిలబడ్డాం. మంగాయమ్మ, తర్వాత నేను, నా తర్వాత లక్ష్మీనారాయణ గారు. సర్వీసులో నేను సీనియర్ని కదా, వెనక నిలబడటమేంటని ఆయన గొణిగారు. ఆయమ్మ ముందు కళ్ళానికొచ్చింది, మీరు తరవాతొచ్చారు, ఇక్కడ అదే లెక్క అంది మంగాయమ్మ. రిజిస్ట్రార్ గారు పసుపు చేతులతో నాకు చీర ఇచ్చారు. లక్ష్మీనారాయణ గారికి పంచెల చాపు. మా వెనక కోటిరత్నం, ఫస్ట్ క్లాసు, చేతులు చాచి నిలబడింది.